స్పెక్ట్రమ్ వేలం ఫలితాన్ని చదవడం ఎలా

మొబైల్ సిగ్నళ్లను మోసే రేడియో తరంగాలను వాడుకునే హక్కును ప్రభుత్వం కంపెనీలకు అమ్మే స్పెక్ట్రమ్ వేలం ముగిసిన మర్నాడు పత్రికల పతాక శీర్షికల్లో ఒకే ఒక అంకె కనిపిస్తుంది. 2010లో త్రీజీ వేలానికి అది ₹67,719 కోట్లు, 2015లో ₹1,09,874 కోట్లు, ఫైవ్‌జీ కోసం జరిగిన 2022 వేలంలో ₹1,50,173 కోట్లు, 2024 జూన్‌లో ₹11,340 కోట్లు. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి 2022లో ప్రభుత్వం పంట పండిందనీ, 2024లో వేలం చతికిలబడిందనీ అనిపించడం సహజం. వేలం గురించి అన్నిటికంటే తక్కువ చెప్పేది ఆ మొత్తమే అని నా అభిప్రాయం. బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి పరిసరాల్లో టెలికాం కంపెనీల్లో పనిచేసే మన తెలుగు ఇంజినీర్లు ఏ టవర్ సిగ్నల్ ఎంత దూరం పోతుందో లెక్క కట్టి చెప్పగలరు గాని, ఆ తరంగాలకు ధర ఎలా తేలిందని అడిగితే మాత్రం, "అన్నా, లక్షన్నర కోట్లు పోసి కొన్నది జనం దగ్గర ఎట్లా రాబడతారు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ ప్రశ్నకు ఎవరికి వారే సమాధానం వెదుక్కోవడానికి ఏ కాగితాలు చూడాలో, ఏ క్రమంలో చూడాలో, ఎక్కడ పొరపడే అవకాశం ఉందో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా మూడు పత్రాలు సమకూర్చుకోవాలి. మొదటిది రిజర్వు ధరల మీద, అంటే పాట మొదలయ్యే కనీస ధరల మీద, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చే సిఫారసులు. రెండవది దరఖాస్తులు ఆహ్వానిస్తూ టెలికాం శాఖ విడుదల చేసే ప్రకటన. మూడవది వేలం పూర్తయ్యాక బ్యాండ్ల (పౌనఃపున్య శ్రేణుల) వారీగా, సర్కిళ్ల (సేవా ప్రాంతాల) వారీగా విడుదలయ్యే ఫలితాల పట్టిక. మూడూ బహిరంగంగా దొరికేవే. చాలామంది మూడవ పత్రంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నా సలహా రెండవదానితో మొదలుపెట్టమని, ఎందుకంటే వేలం నియమాలు రాసిన రోజే దాని ఫలితం సగం ఖాయమైపోతుంది.

అమ్మకానికి పెట్టినది ఏమిటి

టెలికాం శాఖ ప్రకటనలో బ్యాండు, పరిమాణం, సర్కిలు, కాలవ్యవధి అనే నాలుగు వివరాలను గుర్తించాలి. 700, 800, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాల తరంగాలు దూరం పోతాయి, గోడలు దాటి లోపలికి వస్తాయి. తక్కువ టవర్లతో ఎక్కువ ప్రాంతాన్ని కప్పవచ్చు. 3,300 మెగాహెర్ట్జ్ బ్యాండులో దూరం తక్కువ గాని అక్కడ పెద్ద పెద్ద బ్లాకులు దొరుకుతాయి కాబట్టి డేటా సామర్థ్యం ఎక్కువ. 26 గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ ఒక వీధి దాటడమే కష్టం. కాబట్టి ఒక మెగాహెర్ట్జ్‌ను మరొక మెగాహెర్ట్జ్‌తో కలిపి కూడితే వచ్చే మొత్తానికి ఆర్థికంగా అర్థం ఉండదు. 2022లో 72,098 మెగాహెర్ట్జ్ పెట్టగా 51,236 అమ్ముడైందని, అంటే 71 శాతం పోయిందని గర్వంగా చెప్పుకున్నారు; అందులో అధిక భాగం చవకైన 26 గిగాహెర్ట్జ్ బ్యాండుదే.

దేశం 22 సర్కిళ్లుగా విడిపోయి ఉంది, ధర సర్కిలుకు ఒక తీరుగా ఉంటుంది. బెంగళూరులో ఉన్నవారికి ఇది కళ్లముందు కనిపించే సంగతే: నగరం నుంచి దక్షిణంగా అత్తిబెలె దాటి హోసూరులో అడుగుపెడితే తమిళనాడు సర్కిలు, ఉత్తరంగా హైదరాబాద్ రహదారి మీద బాగేపల్లి దాటితే ఆంధ్రప్రదేశ్ సర్కిలు. రాష్ట్రం విడిపోయినా ఆంధ్ర, తెలంగాణలు ఇప్పటికీ ఒకే సర్కిలు. ఒక కంపెనీ చేతిలో కర్ణాటకలో ఉన్న స్పెక్ట్రమ్ వేరు, సరిహద్దుకు అవతల ఉన్నది వేరు కావచ్చు. అందువల్ల "దేశవ్యాప్త ధర" అని పత్రికలు రాసేది ఈ 22 ధరల కూడిక మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

రిజర్వు ధర దగ్గర ఎక్కువసేపు ఆగండి

పట్టికలో ప్రతి వరుసలోనూ చివరి ధరను రిజర్వు ధరతో భాగించండి. ఫలితం 1 వచ్చిందంటే అక్కడ పోటీ జరగలేదు. సర్కారువారి పాట దగ్గరే సరుకు పోయింది, ఆ ధరను తేల్చింది మార్కెట్ కాదు, ప్రభుత్వమే. 2022 ఫలితాలకు ఈ భాగహారం చేస్తే అసలు కథ బయటపడుతుంది. 700 మెగాహెర్ట్జ్ బ్యాండుకు దేశవ్యాప్తంగా మెగాహెర్ట్జ్‌కు ₹3,927 కోట్లు, 3,300 బ్యాండుకు ₹317 కోట్లు, 26 గిగాహెర్ట్జ్‌కు ₹6.99 కోట్లు: మూడూ రిజర్వు ధరలే. మరి ఏడు రోజులపాటు 40 రౌండ్లు ఎందుకు సాగాయి? ఉత్తరప్రదేశ్ తూర్పు సర్కిలులో 1,800 మెగాహెర్ట్జ్ బ్యాండు కోసం జరిగిన పోటీయే అందుకు ప్రధాన కారణం. అక్కడ మెగాహెర్ట్జ్ ధర ₹91 కోట్ల దగ్గర మొదలై ₹160.57 కోట్లకు చేరింది. లక్షన్నర కోట్ల వేలంలో గట్టి పోటీ కనబడింది ఆ ఒక్క మూలనే.

రిజర్వు ధర మరీ ఎక్కువైతే ఏమవుతుందో 700 మెగాహెర్ట్జ్ చరిత్ర చెబుతుంది. 2016లో దానికి మెగాహెర్ట్జ్‌కు ₹11,485 కోట్లు నిర్ణయించారు. కనీసం 5 మెగాహెర్ట్జ్ లేనిదే ఉపయోగం లేదు కాబట్టి దేశమంతటికీ కావాలంటే ₹57,425 కోట్లు పెట్టాలి. ఒక్కరూ పాట పాడలేదు. 2021లో ₹6,568 కోట్లకు తగ్గించినా ఎవరూ ముందుకు రాలేదు. 2022లో ₹3,927 కోట్లకు దింపాక జియో ఒక్కటే 10 మెగాహెర్ట్జ్‌ను ₹39,270 కోట్లకు కొన్నది. ఇందులో ప్రభుత్వం కోల్పోయింది కేవలం ధరలోని తేడా అనుకుంటే లెక్క తప్పినట్టే. బొగ్గో ఇనుపఖనిజమో అయితే ఈ ఏడు తవ్వనిది వచ్చే ఏడు తవ్వుకోవచ్చు. వాడకుండా వదిలేసిన తరంగం ఆ క్షణానికే వృథా. గోడలు దాటి ఇంట్లోకి రాగల బ్యాండు ఆరేళ్లు ఖాళీగా పడి ఉండటం వల్ల జనానికి అందకుండా పోయిన సేవ ఏ ఖాతాలోనూ నమోదు కాదు. అందుకే అమ్ముడుపోని వరుసలను, అమ్ముడైన వరుసలకంటే శ్రద్ధగా చదవాలి.

కర్ణాటక సర్కిలుకు కూడా ఈ అనుభవం ఉంది. 2008లో ముందు వచ్చినవారికి ముందు అనే పద్ధతిలో, 2001 నాటి ₹1,658 కోట్ల దేశవ్యాప్త ధరకు ఇచ్చిన 122 లైసెన్సులను సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 2న రద్దు చేసింది. ఆ గొడవ తరువాత జరిగిన నవంబరు వేలంలో, మళ్లీ చవకగా ఇచ్చారన్న నింద రాకూడదన్న జాగ్రత్తతోనో ఏమో, 5 మెగాహెర్ట్జ్‌కు దేశవ్యాప్త రిజర్వు ధరను ₹14,000 కోట్లుగా పెట్టారు. ఫలితంగా ఢిల్లీ, ముంబయి, రాజస్థాన్‌లతోపాటు కర్ణాటకలోనూ 1,800 బ్యాండుకు ఒక్క పాటా రాలేదు; మొత్తం వచ్చింది ₹9,407 కోట్లు. చవకగా ఇస్తే కుంభకోణమంటారు, ఎక్కువ ధర పెట్టి ఎవరూ కొనకపోతే ఏ అధికారినీ ఎవరూ ప్రశ్నించరు. మన రిజర్వు ధరలు తరచు పైకే మొగ్గు చూపడానికి ఈ అసమానతే పెద్ద కారణమని నేననుకుంటాను.

పాటదారులు ఎందరు, ఎందుకు వచ్చారు

తరువాత చూడవలసింది దరఖాస్తుదారుల జాబితా, వారు కట్టిన ధరావతు సొమ్ము. ధరావతును బట్టి ప్రతి కంపెనీకి అర్హత పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లకు మించి పాడటానికి వీల్లేదు. కాబట్టి వేలం మొదలవకముందే ఎవరు ఏపాటి కొనుగోలుకు సిద్ధపడ్డారో స్థూలంగా తెలుస్తుంది. వేలం సాగుతున్నకొద్దీ ప్రతి రౌండులోనూ తమ పాయింట్లలో నిర్ణీత శాతం మేరకు పాడుతూ ఉండాలన్న నియమం కూడా ఉంటుంది. చివరిదాకా మౌనంగా కూర్చుని ఆఖరి నిమిషంలో పాడే ఎత్తుగడకు ఇదే విరుగుడు. అన్ని సర్కిళ్లనూ ఒకేసారి, అనేక రౌండ్లుగా వేలం వేసే ఈ పద్ధతి 1994 జూలైలో అమెరికాలో మొదలైంది. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యులైన పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్‌లకు 2020లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

మద్యం షాపుల వేలాల్లో సిండికేట్లు కట్టడం చూసిన మన జిల్లాలవారికి కుమ్మక్కు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే స్పెక్ట్రమ్ వేలంలో ముందు రాత్రి కలిసి కూర్చోవలసిన అవసరం కూడా లేదు, అంకెలే మాట్లాడతాయి. 1999లో జర్మనీలో పది బ్లాకులు వేలానికి వచ్చినప్పుడు మానెస్‌మాన్ కంపెనీ మొదటి అయిదింటికి మెగాహెర్ట్జ్‌కు 1.818 కోట్ల మార్కులు (అప్పటి జర్మన్ కరెన్సీ), మిగతా అయిదింటికి 2 కోట్ల మార్కులు పాడింది. పాట పెంచాలంటే కనీసం పది శాతం పెంచాలన్నది నియమం. 1.818కి పది శాతం కలిపితే దాదాపు 2. సంకేతం ప్రత్యర్థికి అర్థమైంది: మొదటి అయిదు మీరు 2 కోట్లకు తీసుకోండి, మిగతా అయిదు మాకు వదిలేయండి. రెండు రౌండ్లలో వేలం ముగిసింది. అమెరికాలో 1996–97 వేలంలో యూఎస్ వెస్ట్ అనే కంపెనీ తన పాటల చివర 378 అన్న అంకెలు తగిలించి, ఆ సంఖ్యగల ప్రాంతం జోలికి రావద్దని పోటీదారును హెచ్చరించింది. పాటదారు తనకు తోచిన అంకె పెట్టే వీలు లేకుండా, తెరమీద చూపిన ధరల్లోంచే ఎంచుకునే ఏర్పాటు ఆ తరువాత అక్కడ వచ్చింది. పాటదారులు ముగ్గురే మిగిలిన మార్కెట్‌లో ఏ సంకేతమూ లేకుండానే ఎవరి వాటా వారికి సర్దుకుపోవచ్చు. మన ఇటీవలి వేలాల్లో రిజర్వు ధర కీలకం కావడానికి ఇదొక కారణం. పోటీ ఎలాగూ ఉండదనుకున్నచోట ప్రభుత్వానికి మిగిలిన ఆయుధం అదొక్కటే కాబట్టి దాన్ని పూర్తిగా తప్పుపట్టలేము.

2015 వేలం ఎందుకు అంత వేడెక్కిందన్న సందేహం ఇక్కడ రావాలి. జవాబు లైసెన్సుల గడువులో ఉంది. 900 మెగాహెర్ట్జ్‌లో ఏళ్ల తరబడి సేవలందిస్తున్న కంపెనీల గడువు ముగియవస్తోంది, ఆ తరంగాలే వేలానికి వచ్చాయి. ఓడిపోతే ఉన్న నెట్‌వర్కు చేజారుతుంది. 19 రోజులు, 115 రౌండ్లు. కొత్త వ్యాపారం కోసం పాడే పాట వేరు, ఉన్న ఇల్లు నిలబెట్టుకోవడానికి పాడే పాట వేరు. 2024లో అంత ఒత్తిడి ఎదుర్కొన్న సర్కిళ్లు కొద్ది, కావలసిన ఫైవ్‌జీ స్పెక్ట్రమ్ రెండేళ్ల క్రితమే కొనేశారు. అందుకే ఏడు రౌండ్లలో ముగిసింది.

తలసరి లెక్క కట్టడం

వేర్వేరు సర్కిళ్లను పోల్చాలంటే ధరను మెగాహెర్ట్జ్‌లతోనూ, జనాభాతోనూ భాగించాలి. 2010 త్రీజీ వేలంలో 5 మెగాహెర్ట్జ్ జత బ్లాకుకు కర్ణాటకలో ₹1,579.91 కోట్లు, తమిళనాడులో ₹1,464.94 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో ₹1,373.14 కోట్లు పలికింది. మూడూ దగ్గరదగ్గరగా ఉన్నట్టు కనిపిస్తాయి. 2011 జనగణన ప్రకారం కర్ణాటక జనాభా 6.11 కోట్లు, తమిళనాడు 7.21 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 8.46 కోట్లు. భాగిస్తే ఒక మెగాహెర్ట్జ్‌కు తలకు కర్ణాటకలో సుమారు ₹52, తమిళనాడులో ₹41, ఆంధ్రలో ₹32 తేలుతుంది. కర్ణాటక ధరలో బెంగళూరు వాటా ఎంతో ఈ తేడా సూచిస్తుంది: డేటాకు డబ్బు పెట్టగల వాడకందారులు ఒకే నగరంలో కిక్కిరిసి ఉన్నప్పుడు తలసరి విలువ పెరుగుతుంది. చెన్నై తమిళనాడు సర్కిలులోనూ, హైదరాబాద్ ఆంధ్ర సర్కిలులోనూ భాగమైనా, వాటి చుట్టూ ఉన్న జనాభా ఎక్కువ కావడంతో సగటు దిగింది.

ఈ లెక్కలో జారిపోయే చోటు ఒకటుంది. జత స్పెక్ట్రమ్‌లో వెళ్లే తరంగానికి ఒక భాగం, వచ్చే తరంగానికి ఒక భాగం ఉంటాయి; మన దేశంలో 5 అంటే నిజానికి 5 జతకు 5. 3,300 బ్యాండులో జత ఉండదు. కాబట్టి ఆ రెండింటినీ పోల్చేటప్పుడు జత ధరను సగం చేయాలి, లేకుంటే పాత స్పెక్ట్రమ్ ఉన్నదానికి రెట్టింపు ఖరీదైనట్టు కనిపిస్తుంది.

కర్ణాటక అంకెను ఇంకొంచెం ముందుకు తీసుకెళదాం. ₹1,579.91 కోట్లను మొత్తం జనాభాకు పంచితే తలకు ₹259; స్పెక్ట్రమ్ కాలవ్యవధి అయిన ఇరవై ఏళ్లకు పంచితే ఏడాదికి ₹13. వడ్డీ కలపాలి, అందరూ ఆ ఒక్క కంపెనీ సిమ్మే వాడరు, కాబట్టి అసలు భారం దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. అయినా "ఎట్లా రాబడతారు" అన్న ప్రశ్న భయపెట్టినంత పెద్ద అంకె కాదది.

చెల్లింపు షరతులు

2010లో గెలిచినవారు సొమ్మంతా వెంటనే కట్టారు. 2022లో గెలిచినవారికి 7.2 శాతం వడ్డీతో 20 సమాన వార్షిక వాయిదాల్లో, ప్రతి ఏడాదీ మొదట్లోనే చెల్లించే వెసులుబాటు ఇచ్చారు. ఎక్సెల్ తెరిచి ₹100 కోట్ల పాటకు వాయిదా కట్టి చూడండి: ఏడాదికి సుమారు ₹8.94 కోట్లు వస్తుంది. అంటే ₹1,50,173 కోట్ల వేలంలో మొదటి ఏడాది ఖజానాకు రావలసింది దాదాపు ₹13,400 కోట్లు మాత్రమే. పెట్టుబడికి 10 శాతం ఖర్చయ్యే కంపెనీకి ఈ వాయిదాల నేటి విలువ ₹100కు ₹84 దగ్గర, 12 శాతమైతే ₹75 దగ్గర తేలుతుంది. రిజర్వు ధర మీద కనిపించని రాయితీ ఇది. దీనితోపాటు 2021 సెప్టెంబరు తరువాతి వేలాల్లో కొన్న స్పెక్ట్రమ్‌కు ఏటా కట్టే వాడకం రుసుము ఎత్తివేశారు, పదేళ్ల తరువాత తిరిగి అప్పగించే వీలు ఇచ్చారు. రెండు వేలాల మొత్తాలను పోల్చే ముందు ఈ సవరణలన్నీ చేయాలి, ద్రవ్యోల్బణం సరేసరి.

వాయిదాలకు రెండో పార్శ్వమూ ఉంది. 1996లో అమెరికాలో వాయిదాల సదుపాయం చూసుకుని 470 కోట్ల డాలర్ల దాకా పాడిన నెక్స్ట్‌వేవ్ సంస్థ 1998లో దివాలా పిటిషన్ వేసింది; ఆ తరంగాలు కోర్టుల్లో ఏళ్లపాటు చిక్కుకున్నాయి.

ప్రసార రంగానికి అదే కొలబద్ద పనికిరాదు

దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రం రేడియో సిటీ 2001 జూలై 3న బెంగళూరులోనే ప్రసారాలు మొదలుపెట్టింది. ఆ మొదటి విడత వేలంలో పాడిన మొత్తాన్ని ఏటా 15 శాతం పెంచుతూ పదేళ్లు కట్టాలన్నది షరతు. ప్రకటనల ఆదాయం ఆ వేగంతో పెరగదు. కేంద్రాలు నష్టాల్లో కూరుకుపోయాయి. 2005లో రెండో విడతకు పద్ధతి మార్చి, ఒకసారి కట్టే ప్రవేశ రుసుము, ఆపైన స్థూల ఆదాయంలో 4 శాతం అన్నారు. ఆదాయం తగ్గితే ప్రభుత్వమూ కొంత నష్టం పంచుకుంటుందన్నమాట. 1999 టెలికాం విధానం మొబైల్ కంపెనీలను ఆదాయ వాటాకు మార్చింది కూడా ఇటువంటి కారణంతోనే. కాబట్టి ఎఫ్‌ఎం ఫలితాల్లో ప్రవేశ రుసుము ఒక్కదాన్నే చూస్తే సగం ధరే చూసినట్టు.

ప్రసారాల కింద ఉన్న స్పెక్ట్రమ్‌ను మొబైల్‌కు మార్చాలంటే వేలం తిరగేసి నడపవచ్చు. 2016–17లో అమెరికాలో టీవీ కేంద్రాలు ఎంతకు తప్పుకుంటాయో దిగే పాటలో తేల్చి, ఖాళీ అయిన 600 మెగాహెర్ట్జ్ బ్యాండును ఎక్కే పాటలో మొబైల్ కంపెనీలకు అమ్మారు. మొత్తం 1,980 కోట్ల డాలర్లు రాగా, 1,005 కోట్ల డాలర్లు టీవీ కేంద్రాలకు వెళ్లాయి. ఇటువంటి వేలంలో ప్రభుత్వ ఆదాయాన్ని కొలబద్దగా పెట్టుకుంటే సగానికిపైగా సొమ్ము పోయినట్టు కనిపిస్తుంది, కాని తక్కువ ఉపయోగంలో ఉన్న తరంగాలు ఎక్కువ ఉపయోగానికి మళ్లడమే అక్కడ ఫలితం. స్పెక్ట్రమ్‌ను ధర పెట్టి అమ్మాలని ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ 1959లో వాదించినప్పుడు ఉద్దేశించింది కూడా దీనినే. మన దేశంలో ఆ వాదానికి చట్టపరమైన పునాది వేరే దారిలో పడింది: 1995లో క్రికెట్ ప్రసారాల వివాదంలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారైన జస్టిస్ జీవన్‌రెడ్డి ఉన్నారు.

ధర ఎక్కువైతే రీచార్జీ పెరుగుతుందా

పెరుగుతుందని అందరూ అనుకుంటారు; కంపెనీలూ అదే చెబుతాయి. వేలంలో కట్టిన సొమ్ము కట్టేశాక వెనక్కి రానిది. రీచార్జీ ధరను నిర్ణయించేది ఆ రోజు ఎంతమంది పోటీలో ఉన్నారన్నదే. 2010లోనూ, ఆ తరువాతా వేల కోట్లు పోసిన కంపెనీలన్నీ 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి రాగానే డేటా ధరలను నేలకు దించక తప్పలేదు. 2024 జూన్ చివర్లో వేలం ₹11,340 కోట్లతో చవకగా ముగిసింది. జూలై మొదటి వారంలోనే మూడు ప్రైవేటు కంపెనీలూ టారిఫ్‌లు పెంచాయి. అప్పు భారం పెరిగితే టవర్ల మీద పెట్టుబడి తగ్గవచ్చు, బలహీన కంపెనీ మార్కెట్ వదిలి పోవచ్చు, అలా పోటీ తగ్గితే టారిఫ్ పెరగవచ్చు: ఖరీదైన వేలం వాడకందారుకు తగిలేది ఈ చుట్టుదారిలోనే. అందుకే ఫలితాల పట్టిక మూసే ముందు, సర్కిలులో ఎన్ని కంపెనీలకు తక్కువ పౌనఃపున్య స్పెక్ట్రమ్ మిగిలిందో లెక్కపెట్టి చూడండి.

ఉపగ్రహ సేవలకు మాత్రం ఈ పద్ధతి వర్తించదు. 2023 టెలికాం చట్టం వాటిని వేలం లేకుండా నేరుగా కేటాయించే జాబితాలో పెట్టింది. ట్రాయ్ 2025 మేలో వాటికి ఆదాయంలో 4 శాతం రుసుమును సిఫారసు చేసింది. అక్కడ చదవడానికి ఫలితాల పట్టిక ఉండదు కాబట్టి, ట్రాయ్ సంప్రదింపుల పత్రంలో ఏ కంపెనీ ఎంత శాతం అడిగిందో, ఎందుకు అడిగిందో చూడాలి.